లెక్కలు కింది నుంచి మళ్ళా నేర్చుకోవాలె, ఎక్కడ మొదలుపెట్టాలె?

కాజీపేట_జంక్షన్:
అందరికీ నమస్తే. డిగ్రీ అయిపోయింది, రైల్వే గ్రూప్ డి కి ప్రిపేర్ అవుతున్న, మాది కాజీపేటనే కాబట్టి రైల్వే జాబ్ అంటే ఇంట్ల చిన్నప్పటి సంది ఒకటే పాట. పేపర్ల 100 ప్రశ్నలు 90 నిమిషాలు, దాంట్ల మ్యాథ్స్ 25, సైన్స్ 25, రీజనింగ్ 30, మిగతా 20 జీకే కరెంట్ అఫైర్స్. రీజనింగ్ జీకే ఎట్లనో నడిపిస్త, లెక్కల కాడికి రాంగనే ఆగిపోత. యూట్యూబ్ల షార్ట్‌కట్ వీడియోలు మస్తు చూసిన, చూసేటప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటది, పేపర్ ముందటేసుకుంటే భిన్నాలు వచ్చినా మైనస్‌లు వచ్చినా బ్రాకెట్ వచ్చినా చెయ్యి ఆడదు. ఇంకోటేందంటే మా చెల్లె ఎనిమిదో తరగతి, ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాస్తది, ఆమె డౌట్లు నన్ను అడుగుతది, నా డౌట్లు నేనెవర్ని అడగాలె. ఇద్దరం కలిసి కింది నుంచి నేర్చుకుందామని ఉన్నది. కోచింగ్‌కు పైసలు లెవ్వు. ఏ క్లాస్ బుక్కు తియ్యాలె, రోజుకు ఎంతసేపు కూసోవాలె, ఎవరన్నా సక్కగ చెప్పున్రి.

హన్మకొండ_ట్యూషనక్క:
తమ్ముడూ, మీ లెక్క చూడకుండ ఏ క్లాస్ బుక్కు అని చెప్తే అది జోస్యమైతది. నా దగ్గరికి పోటీ పరీక్షలకు వచ్చేటోళ్ళు అందరూ "నాకు శాతాలు రావు, లాభనష్టాలు రావు" అనుకుంటనే వస్తరు, కూసోబెట్టి చూస్తే శాతాల కాడ ఏం తిప్పలుండదు, దానికంటే రెండు మూడు క్లాసుల కిందనే ఏదో ఒకటి వదిలిపెట్టి వచ్చిండ్రని తెలుస్తది. అందుకని ఈ ఐదు చేయిన్రి. క్యాలిక్యులేటర్ ముట్టొద్దు, టైం పెట్టుకోవద్దు, ఆన్సర్ ఒక్కటే పెట్టొద్దు, ఎట్ల చేసిన్రో అది కూడా రాయిన్రి, నీయి వేరే, చెల్లెయి వేరే.

503 − 278
3/4 + 1/6
24 − 6 + 4
7 − (−5)
3ఎక్స్ + 7 = 22 అయితే ఎక్స్ ఎంత

పరకాల_పోరడు:
గివి చిన్న పిల్లల లెక్కలు కదా అక్కా, గ్రూప్ డి కి గివేం పనికొస్తయి, హహ

భూపాలపల్లి_బడిపంతులు:
నవ్వకు తమ్మీ. అసర్ సర్వే అని దేశమంతా ఊర్లల్ల పిల్లల్ని ఇంటికి పోయి పరీక్ష చేస్తరు కదా, దాంట్ల లెక్కలు అంటే ఏందనుకున్నవు, అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక్క అంకెతోటి భాగహారం, అంతే. పై క్లాసుల పిల్లలు సుత ఆ భాగహారం కాడ ఆగుతరు. వాళ్ళే పెద్దగై పోటీ పరీక్షలు రాసేది, వేరే దేశంకెళ్ళి ఎవరూ రారు.

కాజీపేట_జంక్షన్:
చేసినం అక్కా.
నాయి: 225, 4/10, 14, 2, 5
చెల్లెయి: 235, 11/12, 14, 12, 5
భిన్నాలకు నేను పైన పైన కూడిన 3+1=4, కింద కింద 4+6=10, చెల్లె 12 తీసుకొని చేసిందట. మూడోది, ఏది ముందు చెయ్యాలెనో చెప్పే బోడ్‌మాస్‌ల కూడిక ముందు వస్తది కాబట్టి 6+4=10, 24లకెళ్ళి 10 పోతే 14. నాలుగోది మైనస్ ఉన్నది కాబట్టి తీసేసిన. ఐదోది అంకెలు పెట్టుకుంట చూసిన, మూడైదులు పదిహేను, ఏడు కలిపితే 22, సెట్ అయింది.

హన్మకొండ_ట్యూషనక్క:
చూసినవా, మూడోది తప్పిస్తే మీ ఇద్దరి తప్పులు ఒక్క తీరుగ లెవ్వు, ఇద్దరికీ ఒకటే బుక్కు ఒకటే పేజీ ఇస్తే ఒకరికి టైం వేస్టే.

చెల్లెకు: 503ల నడుమ సున్నా ఉన్నది. ఒకట్ల స్థానానికి అప్పు కావాలంటే పదుల కాడ ఏం లేదు, వందల కాడికి పోవాలె. అక్కడ 5 కాస్తా 4 అయింది, పదుల కాడికి 10 వచ్చింది, దాంట్లకెళ్ళి ఒకటి ఒకట్లకు ఇచ్చినంక మిగిలేది 9. ఆమె 10 అట్లనే ఉంచింది, అందుకే 235. చెక్ చేసుడు అలవాటు చెయ్యి, 278కి 235 కలిపితే 513 వస్తది, 503 రాదు. కూడి చూసుకునే వరకు లెక్క అయిపోయినట్టు కాదు.

నీకు: 3/4 అంటేనే ముప్పావు. ముప్పావుకి ఇంకొంచెం కలిపితే 4/10 ఎట్లయితది, 4/10 సగం కంటే తక్కువ. లెక్క చేసే ముందు ఆన్సర్ ఎక్కడి దాకా ఉంటదో అందాజ వేసుకో, ముప్పావు కంటే ఎక్కువ ఒకటి కంటే తక్కువ ఉండాలె, అంతే, పరీక్షల ఇచ్చే నాలుగు ఆప్షన్లల్ల రెండు అక్కడనే ఎగిరిపోతయి. హారాలు వేరే వేరే ఉంటే కూడనియ్యదు, 4, 6 ల క.సా.గు 12, 9/12 + 2/12 = 11/12, చెల్లె సక్కగ చేసింది, ఇది ఆమెనే నీకు చెప్పాలె.

7 − (−5) కోసం రూల్ బట్టీ పట్టకు. కింద కింద రాసుకో: 7−2=5, 7−1=6, 7−0=7. తీసేసేది ఒక్కొక్కటి తగ్గుతుంటే ఆన్సర్ ఒక్కొక్కటి పెరుగుతున్నది కదా. సున్నా తర్వాత −1, అప్పుడు 8. అట్ల −5 దాకా పో, 12 వస్తది.

పరకాల_పోరడు:
అక్కా మూడోది 14 కరెక్టే కదా. బోడ్‌మాస్‌ల ఏ (కూడిక) ముందు, ఎస్ (తీసివేత) తర్వాత. మా సార్ గట్లనే చెప్పిండు

రిటైర్డ్_లెక్కల_సార్:
బాబూ, ఇది ప్రతి బ్యాచ్‌లో వచ్చే గొడవే. బోడ్‌మాస్ అనేది గుర్తుపెట్టుకోవడానికి పేర్చిన అక్షరాలు, అవి ఒకదాని పక్కన ఒకటి రాయాలి కాబట్టి ఏదో ఒకటి ముందు పడింది. కూడిక తీసివేత రెండింటిదీ ఒకటే స్థాయి, ఎడమ నుంచి కుడికి వచ్చింది వచ్చినట్టు చేయాలి. జేబులో 24 రూపాయలు ఉన్నాయి, చాయ్‌కి 6 పెట్టినవు, ఎవరో 4 ఇచ్చిండ్రు, ఎంతున్నాయి? 22. నీ పద్ధతిలో చేస్తే ఇచ్చినోడు ఇచ్చిన 4 కూడా నీ జేబులకెళ్ళే పోతాయి. గుణకారం భాగహారం కూడా అంతే, 12 ÷ 3 × 2 అంటే 8, 2 కాదు.

ఇంకొకటి, పోటీ పరీక్షల వాళ్ళు ఇది గట్టిగా పట్టుకోవాలి, బోడ్‌మాస్‌లో ఓ అంటే మన దగ్గర ఆఫ్ అని చెప్తం. 12 ÷ 1/2 ఆఫ్ 6 అని ఇస్తే ముందు 6లో సగం 3, తర్వాత 12 ÷ 3 = 4. అదే ఆఫ్ బదులు గుణకారం గుర్తు ఉంటే 12 ÷ 1/2 = 24, దానికి 6 రెట్లు 144. 4 కీ 144 కీ ఎంత తేడా ఉందో చూడండి, ఆప్షన్లలో రెండూ ఇస్తారు.

పరకాల_పోరడు:
సరే సార్ ఒప్పుకున్న. కానీ షార్ట్‌కట్లు వేస్ట్ అంటే మాత్రం ఒప్పుకోను, 97 × 96 చెప్పున్రి ఎంతసేపు పడ్తదో, నేనైతే 100కి 3 తక్కువ, 4 తక్కువ, 97లకెళ్ళి 4 తీస్తే 93, మూడు నాలుగుల పన్నెండు, 9312, అయిపోయింది

హన్మకొండ_ట్యూషనక్క:
వేస్ట్ అనలేదు తమ్మీ, అది ఎందుకు వస్తదో తెలిస్తే మంచిదే. (100 − 3) × (100 − 4) విప్పితే 10000లకెళ్ళి 700 పోయి 12 కలుస్తది. నువ్వు చేసిందే బీజగణితం, పేరు తెల్వకుండ చేసినవు. మరి 97 × 46 ఇస్తే ఏం చేస్తవు? ఆ ట్రిక్ అట్లనే పెడితే 54 తక్కువ 3 తక్కువ అనుకుంట ఇరుక్కపోతవు. ఎందుకు వస్తదో తెలిసినోడు 46 వందలు 4600, దాంట్లకెళ్ళి మూడు నలభయారులు 138 తీసేసి 4462 అంటడు.

అడ్తి_గుమస్తా:
ఈ ముచ్చట చదువుతుంటే నవ్వొచ్చింది ఎందుకంటే మేము ఎనుమాముల మార్కెట్ల రోజూ చేసేది గదే. నేను చదివింది పదో క్లాసే. పత్తి క్వింటాల్‌కు 7,350 పలికిందనుకో, రైతుది 4 క్వింటాళ్ళ 38 కిలోలు తూగింది. నాలుగు క్వింటాళ్ళు 29,400. కిలో 73.50 పడ్డది, 38 కిలోలకు ఎవడు గుణిస్తడు, 40 కిలోలకు 2,940, రెండు కిలోలవి 147 తీసేస్తే 2,793, మొత్తం 32,193. రైతు ముందట నిలబడి ఉంటడు, కాయితం మీద గీసుకుంట కూసుంటే నమ్మడు. తర్వాత కంప్యూటర్ పట్టీ వస్తది కానీ అంతకు ముందే నోటితోటి చెప్పాలె.

ఆ మైనస్ మైనస్ ముచ్చట మాకు ఖాతాల ఉంటది. నీ పేరు మీద 5 వేలు బాకీ రాసి ఉన్నది, సేటు దాన్ని కొట్టేసిండనుకో, నీ చేతికి రూపాయి రాలే, అయినా నువ్వు 5 వేలు లాభపడ్డట్టే కదా. బాకీ తీసేసుడు అంటే కలుపుడే.

హన్మకొండ_ట్యూషనక్క:
అన్నా మీరు చేసిన 40 − 2 పద్ధతి ఏడో క్లాస్ బుక్కుల విభాగ న్యాయం అని ఉంటది, పిల్లలు దాన్ని ఫార్ములా లెక్క రాస్తరు కానీ వాడరు. తమ్ముడూ, నువ్వు వారం పది రోజులు గుణకారాలన్నీ గిట్లనే నోటితోటి విడగొట్టి చెయ్యి, రేపు బ్రాకెట్లు విప్పేటప్పుడు కొత్తది నేర్చుకుంటున్నట్టే ఉండదు.

మంథని_మమత:
నేను కూడా నా కొడుకు కోసం చదువుతున్న ఈ థ్రెడ్, వాడు ఆరో క్లాస్. ఎక్కాలు ఎంత దాకా రావాలె? మా అత్తమ్మ 20 దాకా పట్టుమంటది, బడిల టీచర్ 10 దాకా చాలంటది, వాడు రెండూ పట్టడు.

రిటైర్డ్_లెక్కల_సార్:
20 దాకా నోటికి రావాలమ్మా, దీంట్లో నేను తగ్గను. 25 దాకా వర్గాలు కూడా.

హన్మకొండ_ట్యూషనక్క:
సార్ మీ మాటకు ఎదురు చెప్పుడు కాదు కానీ ఆరో క్లాస్ పిలగానికి 10 దాకా ఎటు నుంచి అడిగినా టక్కున రావాలె, పై నుంచి కింది దాకా పాట లెక్క పాడుడు కాదు, ఏడెనిమిదులు ఎంత అంటే ఏడొకట్ల నుంచి మొదలుపెట్టొద్దు. 56ల ఏడు ఎన్నిసార్లు అని ఎదురు కూడా రావాలె, భాగహారంల భిన్నాలల్ల పనికొచ్చేది ఆ ఎదురే. 17 × 8 కావాలంటే పది ఎనిమిదులు 80, ఏడెనిమిదులు 56, 136. గ్రూప్ డి రాసే తమ్మునికైతే మీరన్నట్టు 20 దాకా, వర్గాలు, ఒప్పుకుంటున్న, అక్కడ టైం ఉండదు.

రిటైర్డ్_లెక్కల_సార్:
సగం ఒప్పుకున్నావు కదా, చాలు.

మంథని_మమత:
థాంక్స్ అక్కా, సార్. ఆ అప్పు తీసివేత గురించి ఒకటి చెప్తా, మా వానికి నేను భూమి లెక్కతోటి నేర్పించిన. ఎకరానికి 40 గుంటలు. 2 ఎకరాల 15 గుంటలల్ల 1 ఎకరం 28 గుంటలు అమ్మితే ఎంత మిగులుతది? 15ల 28 పోదు, ఒక ఎకరం విప్పితే 40 గుంటలు వస్తయి, 55ల 28 పోతే 27 గుంటలు. మొదలు వాడు 10 అప్పు తెచ్చిండు, ఎందుకు 40 అని కొట్లాడిండు, అప్పుడు వానికి తెలిసింది అప్పు అంటే ఎప్పుడూ పదే ఉండదని, గంటలైతే 60 నిమిషాలని వాడే చెప్పిండు.

కాజీపేట_జంక్షన్:
అక్కా ఎక్స్ లెక్కకు మీరు ఏం అనలే, 5 కరెక్టే కదా?

హన్మకొండ_ట్యూషనక్క:
ఆన్సర్ కరెక్టే. అంకెలు పెట్టి చూసుడు తప్పేం కాదు, దాంతోటి ఎక్స్ అంటే ఏందో తెలుస్తది. కానీ 3ఎక్స్ + 7 = 20 ఇస్తే ఎన్ని అంకెలు పెడ్తవు? 13/3 నీకు దొరకది. ఇగో ఇది చెయ్యి ముందు: 8 + 4 = ఖాళీ గడి + 5. గడిల ఏముండాలె?

పరకాల_పోరడు:
12

మంథని_మమత:
మా వాడు కూడా 12 అన్నడు

హన్మకొండ_ట్యూషనక్క:
7. సమానం గుర్తు చూడంగనే "ఇగ ఆన్సర్ రాయి" అని అలవాటైపోయింది అందరికీ. ఎడమ దిక్కు ఎంతున్నదో కుడి దిక్కు గంతే ఉండాలె, ఆ గుర్తుకు అర్థం గదే. ఇది పట్టుకుంటే సమీకరణాలు సగం అయిపోయినట్టే. 3ఎక్స్ + 7 = 22ల రెండు దిక్కులా 7 తీసెయ్యి, 3ఎక్స్ = 15, రెండు దిక్కులా 3తోటి భాగించు, 5.

"అటు పోతే మైనస్ అయితది" అని మాత్రం నేర్చుకోకు ఇప్పుడే. పక్షాంతరం తప్పని అంటలేను, నేను కూడా గట్లనే చేస్త, కానీ ఎందుకో తెల్వకుండ పట్టుకున్నోళ్ళు 3ఎక్స్ = 12 ఇస్తే 3 అటు పోయి మైనస్ అయితదని 12 − 3 = 9 రాస్తరు. 3 అక్కడ కలిసి లేదు, గుణించి ఉన్నది. మొదటి నెల రెండు దిక్కులా ఏం చేస్తున్నవో పక్కన రాసుకుంట చెయ్యి, బోర్ కొట్టినంక చేతి వేగం అదే వస్తది.

భూపాలపల్లి_బడిపంతులు:
బుక్కుల సంగతి ఎవరూ చెప్పలే కదా. తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ (సర్కారు బడి బుక్కులు తయారుచేసే సంస్థ) ఆరు, ఏడు, ఎనిమిది గణితం బుక్కులు నెట్ల ఫ్రీగా దొరుకుతయి, 2022–23 సంది ఒక పేజీ తెలుగు ఎదురు పేజీ ఇంగ్లీష్ ఉంటది, నువ్వు తెలుగు మీడియం చెల్లె ఇంగ్లీష్ మీడియం అయినా ఒకటే బుక్కు పట్టుకోవచ్చు. ఆరుల భిన్నాలు, పూర్ణసంఖ్యలు, ఏడుల సామాన్య సమీకరణాలు, నిష్పత్తి, ఇవి చాలు ముందుగాల. ఖాన్ అకాడమీల అరిథ్‌మెటిక్, ప్రీ ఆల్జీబ్రా అని కోర్సులు ఉన్నయి, పైసలు అడగరు, లెక్క తప్పయితే అక్కడనే తెలుస్తది. చెల్లె ఎన్ఎంఎంఎస్ అంటే ఏడు ఎనిమిది సిలబస్, సాట్ (బడి పాఠాల) పేపర్ల మ్యాథ్స్ 20 ప్రశ్నలే, కానీ మ్యాట్ (రీజనింగ్) పేపర్ 90 ప్రశ్నలల్ల సంఖ్యల శ్రేణులు అవీ ఇవీ ఉంటయి, చేతి లెక్క ఫాస్ట్ ఉన్నోళ్ళకే అందుతది. వస్తే ఏడాదికి 12,000, ఇంటర్ దాకా నాలుగేండ్లు, వదిలిపెట్టొద్దు.

కాజీపేట_జంక్షన్:
రోజుకు ఎంతసేపు?

హన్మకొండ_ట్యూషనక్క:
ఆదివారం నాలుగు గంటలు కూసునేదానికంటే రోజూ అరగంట మేలు. ఒకే తీరు లెక్కలు వరుసగ ఇరవై చెయ్యకు, మూడు చేసినంక చెయ్యి దానంతట అదే పోతది, బుర్ర పని చెయ్యది. ఒక భిన్నం, ఒక మైనస్ లెక్క, ఒక సమీకరణం, ఒక నోటి లెక్క, గట్ల కలిపి చెయ్యి, ప్రతిసారి "ఇది ఏ తీరు లెక్క" అని ఆలోచించాలె, పరీక్షల అడిగేది గదే. తప్పైనయి వేరే నోట్‌బుక్కుల రాయి, నాలుగు రోజులాగి మళ్ళా చెయ్యి, ఆన్సర్ చూడకుండ.

అడ్తి_గుమస్తా:
నోటి లెక్కకు మిత్తి మంచిది. 50 వేలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే నెలకు వెయ్యి, ఏడు నెలలకు ఏడు వేలు. ఏడాదికి ఎంత శాతం అని అడుగు ఎవర్నన్నా, 2 శాతమే కదా అంటరు. 24.

కాజీపేట_జంక్షన్:
మళ్ళా వచ్చిన. ఆరో క్లాస్ బుక్కు భిన్నాలు అయిపోయినయి, ఏడోది నడుస్తున్నది. ఒక లెక్క నేనే తయారుచేసుకున్న, గ్రూప్ డి ల రైట్‌కు 1 మార్కు, తప్పైతే మూడోవంతు పోతది కదా. 90 ప్రశ్నలు చేసిన, కోత పోంగ నెట్ 50 మార్కులు వచ్చినయి, రైట్లు ఎన్ని? రైట్లు ఎక్స్ అనుకుంటే తప్పులు 90 − ఎక్స్, అంటే ఎక్స్ − (90 − ఎక్స్)/3 = 50. ఇక్కడి దాకా వచ్చి ఆగిన.

పరకాల_పోరడు:
రెండు దిక్కులా 3తోటి గుణిస్తే 3ఎక్స్ − 90 − ఎక్స్ = 150, 2ఎక్స్ = 240, ఎక్స్ = 120

మంథని_మమత:
90 చేస్తే 120 రైట్ ఎట్లయినయి తమ్మీ, రైల్వేకు మంత్రివి నువ్వే కావాలె

రిటైర్డ్_లెక్కల_సార్:
బ్రాకెట్ ముందర మైనస్ ఉంటే లోపల ఉన్న రెండిటికీ తగలాలి బాబూ, 90కి తగిలింది, ఎక్స్‌కి తగలలేదు. −(90 − ఎక్స్) అంటే −90 + ఎక్స్. అప్పుడు 3ఎక్స్ − 90 + ఎక్స్ = 150, 4ఎక్స్ = 240, ఎక్స్ = 60. వాపసు పెట్టి చూడు, 60 రైటు, 30 తప్పు, 30లో మూడోవంతు 10 పోయింది, 50.

అడ్తి_గుమస్తా:
ఎక్స్ లేకుండ చెప్తా. 90కి 90 రైటే అనుకో, 90 రావాలె. 50 వచ్చినయి అంటే 40 తక్కువ పడ్డయి. ఒక్క ప్రశ్న తప్పైతే రావాల్సిన 1 పోతది, పైన మూడోవంతు పోతది, అంటే 4/3. మూడు తప్పులకు 4 మార్కులు పోయినట్టు. 40 పోవాలంటే 30 తప్పులు. మిగిలినయి 60.

హన్మకొండ_ట్యూషనక్క:
అన్నా ఇది అందరికీ చూపిస్త నేను. తమ్ముడూ, రెండు తీర్లా చేసి చూడు, ఇగో ఇంకోటి: 84 చేస్తే నెట్ 60 వచ్చినయి, రైట్లెన్ని? ఎన్ఎంఎంఎస్‌ల నెగెటివ్ మార్కులు లేకపోయినా చెల్లెతోటి కూడా చేయించు.

కాజీపేట_జంక్షన్:
చెల్లెకు 66 వచ్చింది, గుమస్తా అన్న తీరుగ చేసింది, మూడు తప్పులకు 4 అనుకుంట. నాది ఎక్స్ తోటి నడుస్తున్నది, బ్రాకెట్ విప్పిన. శాతాలకు వేరే థ్రెడ్ తెరుస్త, అందరూ అటు రాండ్రి.